జ్వరం ఒకటి, నత్తి ఇంకొకటి

గత సంచికలో ఇన్వర్టరు బ్యాటరీల గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి నీళ్ల మోటార్ల సంగతి రాద్దామని కాగితాలు ముందు పెట్టుకున్నాను. ఇంతలో ఎండలు ముదిరాయి. అటు బళ్లారి నుంచి, ఇటు యానాం నుంచి, ఇక్కడ మా బరంపురంలో వీధి వీధి నుంచి ఒకే ప్రశ్న: "పిల్లల గేమింగ్ ల్యాప్‌టాప్ పెనంలా కాలుతోందండీ. ఆటలో బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. కొత్తది కొనాలా?" మోటార్లు ఎక్కడికీ పోవు, వాటి సంగతి తరవాత చూద్దాం.

అడిగిన వాళ్లందరూ రెండు బాధల్నీ కలిపి ఒకటిగా చెబుతున్నారు. వేడెక్కడం జ్వరం లాంటిది. బొమ్మ తడబడటం నత్తి లాంటిది. జ్వరం వల్ల మాట తడబడవచ్చు, నిజమే. కానీ జ్వరం లేకుండా నత్తి ఉండవచ్చు, నత్తి లేకుండా జ్వరమూ ఉండవచ్చు. ఏది దేనివల్ల వచ్చిందో తేల్చుకోకుండా దుకాణానికి తీసుకెళ్తే, అక్కడ ఎవరికి తోచిన మందు వాళ్లు వేస్తారు. బిల్లు మాత్రం మనదే.

తేల్చుకోవడానికి మొదటి పరికరం గోడ గడియారం. రాత్రంతా ఆపి ఉంచిన ల్యాప్‌టాప్‌ను పొద్దున్నే తెరిచి ఆట పెట్టండి. మొదటి పది పదిహేను నిమిషాలు హాయిగా నడిచి, ఆ తరవాత మందగించి, ఇంక కోలుకోకపోతే అనుమానం వేడి మీద. తెరిచిన మొదటి నిమిషం నుంచే తడబడుతుంటే అది సాధారణంగా వేడి పని కాదు, వేరే చోట వెతకాలి. ఈ ఒక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు.

వేడెక్కితే మందగించడం ఎందుకు? ప్రాసెసరు తన ఉష్ణోగ్రతను తానే కొలుచుకుంటుంది. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల సెల్సియస్. ఆ గీతను తాకగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అది పాడవడం కాదు, పాడవకుండా కాచుకోవడం. గేమింగ్ ల్యాప్‌టాప్ ఆట మధ్యలో 85, 90 డిగ్రీలు చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. 100 దగ్గర అతుక్కుపోయి, వేగం పడిపోతుంటేనే మన పని మొదలవుతుంది.

ఆ వేడి బయటికి పోయే దారి చూడముచ్చటగా ఉంటుంది. ప్రాసెసరు మీద చదునైన రాగి గొట్టాలుంటాయి. లోపల చెంచాడు కూడా ఉండని కాస్త నీరు. వేడి తగిలిన కొసన అది ఆవిరై, చల్లటి కొసకు పరుగెత్తి, అక్కడ మళ్లీ నీరవుతుంది. ఇడ్లీ పాత్ర మూతకు ఆవిరి తగిలి చుక్కలు కట్టినట్టే. ఆ చల్లటి కొసకు దువ్వెన పళ్లలాంటి పలచటి రేకులు, వాటి మీదికి గాలి కొట్టే ఫ్యాను. ఫ్యాను గాలిని ఎక్కువగా అడుగు వైపు నుంచి పీల్చుకుని వెనక నుంచో పక్క నుంచో వదులుతుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే ముక్కు మూసినట్టే.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈ ఏర్పాటంతా గదిలో గాలితో చల్లబడేదే. గది గాలికన్నా ప్రాసెసరు అరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. డిసెంబరులో గది 22 అయితే అది 82. మే నెలలో గది 38 అయితే 98. యంత్రం అదే, ఆట అదే. "చలికాలం బాగానే ఉండేదండీ" అనే మాటలో సగం జవాబు ఇదే.

ఇక ఒక ఇంటి సంగతి చెబుతాను. మా వీధిలో ఒకమ్మాయి డిజైన్ చదువుతోంది. 2022లో చీటీ డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ 12వ తరం ఐ5, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050, 8 జీబీ ర్యామ్. పగలు బ్లెండర్‌లో కాలేజీ బొమ్మలు, రాత్రి ఆటలు. ఈ వేసవిలో రెండూ మొరాయించాయి. ఊళ్లో ఒక దుకాణంవాళ్లు మదర్‌బోర్డు మార్చాలి, 28,000 అన్నారట. చివరి ఏడాది ప్రాజెక్టు ఇవ్వడానికి పదకొండు రోజులుంది. వాళ్ల నాన్నకు కోపం ఆట మీద. "ఆడి ఆడి తగలేసింది మావయ్యగారూ. వచ్చినకాడికి అమ్మేసి పడేస్తాను" అన్నాడు. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. అమ్మితే ప్రాజెక్టు దేనిమీద చెయ్యాలో ఆయన ఆలోచించలేదు.

ఆట తగలెయ్యదు. బ్లెండర్‌లో బొమ్మ రెండరు చేసినా యంత్రానికి పడే శ్రమ అంతే, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ మాట ఆయనకు నోటితో చెబితే లాభం లేదని, అంకెలు చూపించాను.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీలో గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ప్రాసెసరుది కనబడదు. దానికి హెచ్‌డబ్ల్యూ‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఎంత వేడెక్కిందో, వేడివల్ల వేగం తగ్గించుకుందో లేదో అవుననీ కాదనీ చెప్పేస్తుంది. ఆట పెట్టాం. పన్నెండో నిమిషానికి 100 డిగ్రీలు, "తగ్గించుకున్నాను" అన్న గుర్తు. అదే గడిలో బ్లెండర్ పెట్టినా అంతే. కానీ నేను ఇంకొకటి కూడా గమనించాను. మొదటి నిమిషంలో, 70 డిగ్రీల దగ్గరే, బొమ్మ అప్పుడప్పుడు ఉలిక్కిపడుతోంది. అంటే జబ్బులు రెండు.

ముందు జ్వరం సంగతి. వారంటీ దాటిపోయింది కనుక అడుగు పలక విప్పాం. వారంటీ ఉన్నవాళ్లు విప్పకండి, సర్వీసు సెంటరుకే ఇవ్వండి. ఇవ్వబోయే ముందు మీ ఫైళ్లన్నీ వేరేచోట దాచుకోండి. విప్పేటప్పుడు మరలు ఒక్కోటి ఒక్కో పొడవుంటాయి. ఒక కాగితం మీద పలక బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడుగు మరను పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకే చిల్లు పడవచ్చు. చార్జరు తీసేసి, లోపల బ్యాటరీ తీగ ఊడదీశాకే మిగతా దేన్నైనా ముట్టుకోవాలి.

ఫ్యాను రెక్కలు పైకి శుభ్రంగానే ఉన్నాయి. అసలుది ఫ్యానుకూ రేకులకూ మధ్య ఉంది: కంబళి ముక్కలా పేరుకున్న దుమ్ము. బయటినుంచి టార్చి వేసి చూసినా కనబడదు. మన ఇళ్లలో పోపు పొగ, అగరొత్తుల పొగ, సముద్రం పక్క ఊళ్లలో తేమ, అన్నీ కలిసి దుమ్మును జిగురు చేస్తాయి. అది ఊదితే పోదు, పట్టకారుతో లాగాల్సి వచ్చింది. ఆ తరవాతే బ్లోయరుతో కొద్దికొద్దిగా గాలి కొట్టాం, ఫ్యాను గిర్రున తిరక్కుండా ఒక ప్లాస్టిక్ పుల్ల అడ్డం పెట్టి. గాలికి అది మితిమీరి తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

ప్రాసెసరుకూ రాగికీ మధ్య పూసే పేస్టు కొన్నేళ్లకు ఎండిపోతుంది. దాన్ని తెలిసినవాళ్ల చేత మార్పించాం. ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మామూలు పేస్టు బదులు ద్రవలోహం వాడతారు. అది కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. బోర్డు మీద చుక్క జారితే అంతే సంగతులు. మీ మోడల్లో ఏది ఉందో తెలుసుకోకుండా ఆ రాగి ముక్కను ఎత్తనివ్వకండి.

మళ్లీ బిగించి అరగంట ఆడిస్తే 89 దగ్గర నిలిచింది. జ్వరం దిగింది. నత్తి మాత్రం అలాగే ఉంది!

మృదంగం వాయించేవాడు మొత్తం మీద నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్క సరిగ్గానే చూపించినా, మధ్యలో ఒక్క దెబ్బ ఆలస్యమైతే చెవికి తెలుస్తుంది. ఆటా అంతే. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కోదానికి దాదాపు 17 మిల్లీసెకన్లు. ఒక్క బొమ్మకు 100 పడితే సగటు అంకె చక్కగానే ఉన్నా కన్ను పట్టేస్తుంది. టాస్క్ మేనేజర్లో మెమరీ చూస్తే 94 శాతం నిండిపోయి ఉంది. ర్యామ్ చాలక యంత్రం మాటిమాటికీ డిస్కు దగ్గరికి పరుగెత్తుతోంది. కిందనే "స్లాట్స్ యూజ్డ్: 2లో 1" అని రాసి ఉంది. రెండు పీటలుండగా ఒకదానిమీదే కూర్చోబెట్టి అమ్మారన్నమాట. ఒక్క కార్డుంటే మెమరీకి దారి కూడా సగం వెడల్పే. అదే రకం, అదే వేగం ఉన్న 8 జీబీ కార్డు రెండోది పెట్టించాం. ఆ మోడల్ గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ 4 జీబీ మాత్రమే కనుక, ఆటలో టెక్స్‌చర్స్ అన్న సెట్టింగు ఒక మెట్టు దించాం. ఉలికిపాట్లు దాదాపు పోయాయి. మిగిలినవి కొత్త ఆటల్లో, కొత్త దృశ్యం మొదటిసారి వచ్చినప్పుడు మాత్రమే. అప్పుడు ఆట తన షేడర్లను అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది, రెండోసారి అదే చోటికి వెళితే ఉండదు. దానికి ఏ మెకానికూ అక్కర్లేదు.

మొత్తం ఖర్చు ఆ దుకాణం చెప్పినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. ప్రాజెక్టు గడువులోగా అందింది. నాన్నగారు అమ్మకం మాట ఎత్తడం లేదు, ఆట మీద కోపం మాత్రం అలాగే ఉంది. అది నా శాఖ కాదు.

విప్పే ధైర్యం లేనివాళ్లు రెండు పనులు చేసుకోవచ్చు. ఆటను సెకనుకు 60 బొమ్మలకు కట్టడి చెయ్యండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది. అక్కర్లేని 120 గీసే శ్రమ తప్పుతుంది, వేడీ తగ్గుతుంది. వెనక భాగాన్ని రెండు పుస్తకాల మీద అంగుళం ఎత్తి పెట్టండి. గాలి దారులు మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. కూలింగ్ ప్యాడ్ ఆ తరవాత ఆలోచించండి, ముందే కాదు. ఐస్ సంచులు అడుగున పెట్టేవాళ్లున్నారు. తేమ పట్టి లోపలికి దిగుతుంది, ఆ పని వద్దు.

చార్జరు కూడా చూడండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌తో వచ్చే ఇటుకంత చార్జరు 150, 180, 230 వాట్లుంటుంది. అది బరువని, అన్నయ్య ఆఫీసు ల్యాప్‌టాప్ 65 వాట్ల టైప్-సి చార్జరు పెట్టి ఆడితే కరెంటు చాలక యంత్రం వేగం తగ్గించుకుంటుంది. చార్జింగులో ఉండగానే బ్యాటరీ శాతం పడిపోతుంటే కారణం ఇదే కావచ్చు.

ఇవన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు, ఒక్కటి తప్ప. వేడికి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, కొన్ని ఉబ్బుతాయి. వేలితో నడిపే పలక పైకి లేచినా, అడుగు పలక బల్ల మీద సమంగా కూర్చోకుండా ఊగినా, ఆ క్షణమే ఆపి చార్జరు తీసెయ్యండి. గుచ్చకండి, నొక్కకండి, మళ్లీ చార్జింగు పెట్టకండి. పిల్లల మంచం దగ్గర్నుంచి తీసి, బ్యాటరీ మార్చేవాళ్లకు అప్పగించండి.

ఇంకా సందేహాలుంటే సంఘం చిరునామాకు రాయండి. మోడల్ పేరు, చార్జరు మీద అచ్చువేసిన వాట్లు, ఆట మొదలుపెట్టిన ఎన్నో నిమిషానికి తడబాటు వస్తోందో, ఈ మూడూ తప్పకుండా రాయండి.