పాత వేగరథములు – గృహస్థధర్మము

రెబ్బెననుండి గోలేటికి వచ్చు త్రోవలో, బొగ్గు టిప్పర్ల నడుమ, నేలకు జానెడైనను ఎత్తులేని యెఱ్ఱని రెండు తలుపుల కారొకటి 2024 దసరా తరువాత మా యూరివారి కంటబడెను. బడి విడిచిన పిల్లలు దాని వెంట పరుగెత్తిరి. టీ దుకాణము ముందర కూర్చుండు పెద్దలు రెండు పక్షములుగా చీలిరి. కోటి రూపాయల బండి పదునాలుగు లక్షలకే వచ్చెనట, వాని అదృష్టమే అదృష్టమని యొక పక్షము. బుద్ధిలేనివాడు ఇంటికి శనిని తెచ్చినాడని రెండవ పక్షము. ఈ రెండు పక్షములును తప్పుదారి పట్టినవని మా యభిప్రాయము. మొదటివారికి లెక్క తెలియదు. రెండవవారికి ఆనందము తెలియదు. మొదటివారి వలన సంసారములు చెడుచున్నవి గావున వారినిగూర్చియే యెక్కువగా మాటాడుదుము.

ఆ కారు కొన్నవాడు మా పూర్వవిద్యార్థి. ఓపెన్‌కాస్టు గనిలో ఫిట్టరు. ఆ యేడు సింగరేణి సంస్థ, విస్తరణకు తీసిపెట్టినది పోగా మిగిలిన లాభములో 33 శాతమును కార్మికులకు పంచెను. ఆ సొమ్మును, భూగర్భగనిలో ముప్పదియేండ్లు పనిచేసి విరమించిన తండ్రికి వచ్చిన సొమ్ములో కొంతయు కలిపి, అతడు హైదరాబాదునకు పోయి 2007వ సంవత్సరపు ఐరోపా కారును కొనితెచ్చెను. అమ్మినవాడు "ఆయిలు మార్చిన చాలును" అని చెప్పెనట. నాలుగు మాసములైనను గడువకమునుపే క్లచ్చి జారదొడగెను. బండిని లారీపై నెక్కించి మరల హైదరాబాదునకు పంపవలసి వచ్చెను. అచ్చటి మరమ్మతుశాలవారు ఆంగ్లమున మూడు పుటల అంచనా పత్రము నిచ్చిరి.

ఆ పత్రమును చదివి చెప్పుటకై వారింటికి మమ్ము పిలిచిరి. కుమారునికి ఆంగ్లము రాక కాదు. తానై తల్లి యెదుట చదువుటకు వానికి నోరాడలేదు. క్లచ్చి, బెల్టులు, నీటి పంపు, సస్పెన్షను బుషులు, నాలుగు టైర్లు, బ్రేకు డిస్కులు, కూలి, పన్ను: మొత్తము 6 లక్షల 20 వేలు. మేము చదువుచుండగా తండ్రి గోడవైపు చూచుచుండెను. కుమార్తె బి.ఎస్‌సి. నర్సింగు మూడవ సంవత్సరపు రుసుము కట్టవలసిన గడువు ఆ నెలలోనే యుండెను. ఆ పిల్ల వాకిటి గడపయొద్ద నిలిచియుండెను. చదువుట ముగిసిన పిమ్మట తల్లి మమ్ము ఒక్క మాటయే యడిగెను: "సారూ, గియ్యన్నీ ఒక్కసారి చేపిస్తే, మల్ల ఎన్నేండ్లకు చేపియ్యాలె?"

హైదరాబాదులో అమ్మినవాడు గాని, కొన్నవాడు గాని, టీ దుకాణపు మీమాంసకులు గాని అడుగని ప్రశ్న యిది. బడిమొగము చూడని ఆ తల్లి యడిగెను.

మన పూర్వులు యోగక్షేమము లను జంటపదము నూరక కల్పింపలేదు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. మన కాలపు యువకులకు యోగము మీదనే దృష్టి. కొన్ననాడు కొబ్బరికాయ, నిమ్మకాయలు, పూలదండ, ఛాయాపటము. క్షేమమునకు పూజయు లేదు, పద్దును లేదు.

కారు వెల యేల పడిపోవుచున్నదో విచారింపుడు. కోటి రూపాయల కారు పదునేడేండ్లకు పదునాలుగు లక్షలకు దిగెననిన, మిగిలిన యెనుబదియారు లక్షలు కొన్నవానికి లాభించినవని మొదటి పక్షమువారి గణితము. ఇది వట్టి భ్రమ. కారు వెల తగ్గును గాని దాని భాగముల వెల తగ్గదు. క్లచ్చి పలకకు తాను ప్రవేశించు కారు క్రొత్తదో పాతదో తెలియదు. అది కోటి రూపాయల కారు క్లచ్చివలెనే ఖరీదు చెప్పును. పైగా సముద్రము దాటి వచ్చును గావున సుంకమును మోయును. ఈ ఖర్చులు మీదపడనున్నవని తెలిసిన మునుపటి యజమాని వాటిని తప్పించుకొనుటకే వెల తగ్గించి అమ్మివేయును. కాబట్టి తగ్గిన వెలలో ఒక పాలు కొనువానికి ముందుగా ముట్టజెప్పబడిన మరమ్మతు బిల్లు. "గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు" అని మనవారు చెప్పుకొను సామెత ఈ కార్లకోసమే పుట్టినట్లున్నది.

ఇక వీని శరీరధర్మమును చూతము. అనేక యింజనులలో క్రింది కడ్డీ తిరుగుడును పైనున్న కవాటముల కదలికను ఏకతాళమున నడపునది రబ్బరు బెల్టు. అది తెగెనేని కవాటములు పిస్టనులకు తగిలి వంగిపోవును. ఒక్క గడియలో యింజను నాశనమగును. ఈ బెల్టు నడచిన దూరమునుబట్టియే కాదు, గడచిన కాలమునుబట్టియు ముసలిదగును. కారును కదలింపకపోయినను కొన్నియేండ్ల కొకసారి మార్చితీరవలెను. 1994లో వెలువడిన ఫెరారీ ఎఫ్355 కారునకు ఈ బెల్టులు మార్చుటకు యింజను మొత్తము క్రిందికి దింపుట పరిపాటి. ఆ తరువాతి 360 మోడెనాలో ఆసనముల వెనుకనుండి చేయి పెట్టి మార్చు వీలు కల్పించిరి. ఇంత చిన్న సౌకర్యమే యజమానులకు పండుగ యయ్యెననిన, మునుపటి కష్ట మెంతటిదో యూహింపవచ్చును.

ఆ 360 మోడెనాయే మన దేశమున నొకప్పుడు పెద్ద వివాదమునకు కారణమయ్యెను. సచిన్ టెండూల్కరు బ్రాడ్మను యొక్క 29 శతకములకు సమానముగా శతకములు చేసినందులకు 2002లో ఆయనకు ఆ కారు బహుమానముగా వచ్చెను. కోటికి మించిన దిగుమతి సుంకమును ప్రభుత్వము మినహాయింపజూడగా ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము పుట్టెను. తుదకు కారునిచ్చిన కంపెనీవారే సుంకమును చెల్లించిరి. ఉచితముగా వచ్చిన కారునకే ద్వారమునొద్ద కోటి రూపాయల పద్దు కాచుకొనియుండెను. తగ్గింపు వెలకు కొన్న మన ఫిట్టరు మాట చెప్పవలయునా!

టైర్లును అంతియే. వాటి ప్రక్కన నాలుగంకెలు ముద్రింపబడియుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. పైన గాళ్లు లోతుగా నున్నను లోని రబ్బరు పదేండ్లకు గట్టిపడి నేలను పట్టుకొనదు. కొనువారిలో ఆ యంకెలను వంగి చూచువారెందరు? బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. రెండేండ్ల కొకమారు మార్పవలెను. ఇవి చాలవన్నట్లు ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు వచ్చి చేరినది. చెఱకునుండియు ధాన్యములనుండియు తీయు ఈ ద్రవము దేశమునకు మేలో కీడో చర్చించుట మా ప్రస్తుత విషయము కాదు. కాని యిరువది యేండ్ల క్రిందటి ఐరోపా కారును చేసినవాడు దాని యింధన గొట్టములను ఈ పెట్రోలునకై చేయలేదు. అది నీటిని పీల్చును. పాత రబ్బరును ఉబ్బించును.

ఇంతవరకు చదివి రెండవ పక్షమువారు సంతోషించియుందురు. వారి సంతోషమునకు మేము బాధ్యులము కాము. ఏలయన, మే మా కారులో నెక్కితిమి.

మరమ్మతు జరిగిన పిమ్మట మార్గశిరమాసమున నొక తెల్లవారుజామున శిష్యుడు మమ్ము ఆసిఫాబాదు మీదుగా కెరమెరి ఘాటువరకు తీసికొనిపోయెను. ఆదిలాబాదు ప్రాంతపు చలి చదువరు లెఱిగినదే. మొదట మేము భయపడితిమి. నేల మా పిరుదులకు నాలుగంగుళముల దూరములో పరుగెత్తుచున్నట్లుండెను. ఘాటు మొదలైన తరువాత భయము పోయెను. అతడు వేగముగా నడపలేదు. మా ఎండ్లబండి తాతలు నవ్వునంత నెమ్మదిగా నైతే కాదు గాని, చట్టము దాటలేదు. ఒక్కొక్క మలుపునకు ముందు గేరు తగ్గించుటయు, యింజను స్వరము మంద్రమునుండి తారమునకు లేచుటయు, చక్రము క్రింది గులకరాయి సైతము స్టీరింగులో చేతికి తెలియుటయు, టేకుచెట్ల నడుమ పొగమంచు చీలిపోవుటయు! మేము సంస్కృతము చదువుకొన్నాము, రథవర్ణనలు బోధించుచున్నాము. సారథికిని గుఱ్ఱములకును నడుమ పగ్గముల గుండా నడచు సంభాషణ యెట్టిదో మాకానాడు తెలిసెను. నడపవలసినదిగా చేతికిచ్చినపుడు మా కాళ్లు వణకినవనియు, రెండు కిలోమీటర్లు మాత్రమే నడపితిమనియు ఒప్పుకొనుచున్నాము.

కావున ఈ యానందము బూటకమని, పొగరని చెప్పువారితో మేము ఏకీభవింపము. మూడు దినముల పెండ్లికి ఇరువది లక్షలు పోసి, నాలుగవ నాడు టెంటువానితో తగవులాడువారు, యంత్రకౌశలమును ప్రేమించు కుఱ్ఱవానికి మితవ్యయమును బోధించుట మాకు నవ్వు పుట్టించుచున్నది. కట్నముగా కారు నడుగువారి నెవరును బుద్ధిలేనివారనరు! 1961లోనే వరకట్నము నేరమయ్యెను. ఐనను వరుని వాకిట ఇట్టి యెఱ్ఱకారొకటి నిలిచినచో అడుగు మొత్తము పెరుగుచున్నది. కదలని కారు, లోపల బ్యాటరీ చచ్చిన కారు సైతము ఆ పనిని చక్కగా చేయును. మా కోపమంతయు నిట్టి కార్లమీదనే. ఎలుకలు తీగలు కొరుకుచుండ, టార్పాలిను క్రింద మూడేండ్లు నిలుచు కారు ఆనందమీయదు, ఖర్చు మానదు. నిలుచుట వలన బ్రేకులు తుప్పుపట్టును, టైర్లు ఒక్కచోట నొత్తుకొనును, పెట్రోలు పాసిపోవును.

నిజాముల కార్లను చూపి, ఇదిగో వీరు దాచిరి గదా యని కొందరందురు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో పసుపుపచ్చని రోల్సు రాయిసు సింహాసనరథమొకటి కలదు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను 1911లో దానిని కోరి చేయించెను. అది చేరకమునుపే ఆ యేడే ఆయన మరణించెను. ఏడవ నిజాము కాలమున అది ఉత్సవములకు మాత్రమే వెలుపలికి వచ్చుచుండెడిది. నడచినది మిక్కిలి తక్కువ. శతాబ్దము గడచిన పిమ్మట దానిని బాగుచేయించిరి గావుననే నేడు మనము చూడగలుగుచున్నాము. ఆ బాగుచేయించుటకు వెనుక సంస్థాన వారసత్వపు సంపద యున్నది. గోలేటి క్వార్టరు ముందరి రేకుల కప్పు క్రింద, బొగ్గుదుమ్ము రాత్రింబవళ్లు రాలుచోట, ఒక నెలజీతగాడు ఆ పద్ధతి నవలంబింపజాలడు.

ప్రభుత్వపు ధోరణియు నట్లే యున్నది. 2021 నాటి నిబంధనల ప్రకారము ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని కారు పురాతన వాహనమను గౌరవమును పొందును. దానికి వేఱు సంఖ్యాపలక. పదునేనేండ్లు దాటిన దిగుమతి కారునకో, 2022 ఏప్రిలునుండి రిజిస్ట్రేషను పొడిగింపునకే 40 వేలు. 2025లో వచ్చిన సవరణతో ఇరువదియేండ్లు దాటినచో 80 వేలు. పదునేనింటికిని ఏబదింటికిని నడుమ ముప్పదియైదేండ్లు ఆ కారు త్రిశంకుస్వర్గమున వ్రేలాడవలసినదే: క్రొత్తదనియు కాదు, పురాతనమనియు కాదు. దానిని మోయువాడు యజమాని.

మాకు మిక్కిలి వింతగా తోచిన విషయము వేఱొకటి కలదు. మా శిష్యుడు గనిలో చేయు ఉద్యోగమేమి? డంపర్ల పోషణము. అచ్చట ప్రతి డంపరుకును యింజను తిరిగిన గంటల లెక్క యుండును. ఇన్ని గంటలకు ఆయిలు, ఇన్ని గంటలకు ఫిల్టర్లు, ఇన్ని గంటలకు గొట్టముల పరీక్ష. గంటలు నిండిన బండిని "ఇంకొక్క షిఫ్టు పోనిమ్ము" అని యెవరైన ననిన, అతడే కోపించి ఆపివేయును. సర్కారు సొత్తుపట్ల ఇంత నిష్ఠగలవాడు, తన సొమ్ముతో కొన్న బండికి మునుపటి సర్వీసు పుస్తకమునైన అడుగకుండ తాళపుచెవి పుచ్చుకొనెను! మేమీ మాటయే వానితో ననగా, తల వంచుకొని, "సారూ, అక్కడ లాగ్‌బుక్కు ఉంటది, సంతకం చేయాలె. ఇంట్ల ఎవలడుగుతరు?" అనెను.

ఇంట నడుగువారుండవలెననియే మా వాదము. ఇట్టి కారు కొనదలచినవాడు వెలతోబాటు, ఆ వెలలో సగమునకు తగ్గని మొత్తమును మరమ్మతుల నిధిగా బ్యాంకులో వేఱుగ నుంచవలెను. అది లేనివాడు కొనరాదు. కొనుటకు ముందే, అమ్మువాని మెకానిక్కుచే గాక, తాను కూలి యిచ్చి పిలిచిన మెకానిక్కుచే పరీక్ష చేయింపవలెను. ఆ కూలిని బేరమాడరాదు. నాలుగువేలు మిగుల్చుకొని నాలుగు లక్షలు పోగొట్టుకొన్నవారిని మే మెఱుగుదుము. భార్యయో, తల్లియో, తండ్రియో ఆ లెక్కను చూచి సరేయన్న తరువాతనే సొమ్ము చేతులు మారవలెను. ఆడువారికి యంత్రములు తెలియవను మాటతో ఈ షరతును త్రోసిపుచ్చువారికి, పైన చెప్పిన తల్లి ప్రశ్నను మరల నొకసారి చదువుడని మా ప్రార్థన. ఒక్కనికి భారమైనచో ముగ్గురు స్నేహితులు కూడి యొక కారును పోషించుకొనవచ్చును. ఆదివారము లేడాదికి ఏబదిరెండు గలవు. ముగ్గురికి పంచినను కెరమెరి ఘాటు తరిగిపోదు.

ఆ యింటి సంగతి చెప్పి విరమింతుము. నర్సింగు రుసుము మొదట కట్టిరి. క్లచ్చియు బెల్టులును మార్చుటకు శిష్యుడు తన మోటారుసైకిలును అమ్మి, మిగిలినదానికి సహకార సంఘములో అప్పు తీసెను. టైర్లకు సొమ్ము చాలలేదు. మేము ఎక్కినది పాత టైర్లమీదనే యని మాకు తరువాత తెలిసి, శిష్యుని గట్టిగా మందలించితిమి. ఆ సంగతి తల్లి చెవిని పడినది. ఇప్పుడు కారు రేకుల కప్పు క్రింద నాలుగు కొయ్యదిమ్మెలమీద నిలిచియున్నది. తాళపుచెవి తల్లి బీరువాలో నున్నది. దానితోబాటు ఎఱ్ఱని అట్టగల నోటుపుస్తక మొకటి. కుమారుడు నెల కేడువేలు చొప్పున ఆమె చేతికిచ్చుచున్నాడు; కుమార్తె ఆ పుస్తకములో వ్రాయుచున్నది. మొన్నటి లెక్కకు రెండు టైర్లకు సరిపోయినది.