చూపు అందరి హక్కు!

యెరికో దారి పక్కన అడుక్కుంటున్న బర్తిమయి అనే అంధుడు, యేసుప్రభువు అటుగా వెళ్తున్నాడని విని కేకలు వేశాడు. ఊరుకొమ్మని జనం గద్దించారు. ప్రభువు మాత్రం ఆగి, దగ్గరికి పిలిపించి ఏం కావాలని అడిగాడు. చూపు కావాలన్నాడతను (మార్కు 10:46–52). ఆ కేక నేడు పేద దేశాల పల్లెల నుంచి వినిపిస్తోంది!

ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి చూపు లోపముందని, వారిలో కనీసం 100 కోట్ల మందిది నివారించదగ్గదో, తగిన చికిత్స అందనిదో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించింది. అందులో అత్యధికం శుక్లాలు, కళ్లజోడుతో సరిపోయే లోపాలే! వీటికి కొత్తగా మందు కనిపెట్టనక్కరలేదు. ఉన్న వైద్యం పల్లెకు చేరితే చాలు.

మరెందుకు చేరడం లేదు? డాక్టర్లు నగరాల్లో, రోగులు పల్లెల్లో ఉన్నారు. ఆపరేషన్ ఉచితమైనా బస్సు చార్జీలు, తోడు వచ్చేవారి కూలి ఎవరిస్తారు? ఇంట్లో ముసలమ్మకు చూపు మందగిస్తే వయసైపోయిందిలే అని సరిపెట్టుకుంటాం.

మార్గం మన దగ్గరే ఉంది. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మధురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. ఇవ్వగలిగినవారి రుసుముతోనే పేదలకు ఉచితంగా ఆపరేషన్లు సాగాయి. ఆ సంస్థకు చెందిన ఆరోల్యాబ్ 1992 నుంచి కంటిలో అమర్చే కటకాలను చవకగా తయారుచేసింది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో ప్రారంభించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి పల్లెల్లో విజన్ సెంటర్లు నెలకొల్పింది.

ఇది దానధర్మాల లెక్క మాత్రమే కాదు. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్లు దాటిన కూలీలకు దగ్గరచూపు కళ్లజోళ్లిస్తే వారి ఉత్పాదకత దాదాపు 22 శాతం పెరిగిందని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. చూపు వస్తే కూలి పెరుగుతుంది, కుటుంబం నిలబడుతుంది.

తెలంగాణ 2018లో, ఆంధ్రప్రదేశ్ 2019లో 'కంటి వెలుగు' పేరుతో పరీక్షలు చేయించి కళ్లజోళ్లిచ్చాయి. మంచి పనే! కాని శిబిరం ఎత్తేశాక జోడు విరిగితే, కన్ను ఎర్రబడితే ఎక్కడికెళ్లాలి? శిబిరానికి గడువుంటుంది, కంటి జబ్బుకు ఉండదు. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే కంటి పరీక్ష ఏడాది పొడవునా దొరకాలి.

చూపు కరవైన 110 కోట్ల మందికి 2030 నాటికి కంటి వైద్యం అందించాలని 2021 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. తీర్మానంతో ఎవరికీ చూపు రాదు, దానికి బడ్జెట్లో డబ్బు కేటాయించాలి. ఓట్లడగడానికి వచ్చే నాయకులను రోడ్డు, నీళ్లతోపాటు కంటి వైద్యం గురించి కూడా అడుగుదాం. ప్రభుత్వం చేసేదాకా మనం ఆగనక్కరలేదు కూడా. ఆపరేషన్ రోజున పొరుగింటి ముసలమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కించేవారు దొరికితే, సగం వైద్యం అయినట్టే!