అద్దపుటింటిలో మత్స్యన్యాయము



మా సూరారమునుండి సముద్రము చేరుటకు సుమారు 300 కిలోమీటరుల దారి గలదు. అయినను ఈ కాలమున మా వంటి ఊళ్లయందును సముద్రపు చేపలు అద్దపుతొట్టెలలో కాపురముండుచున్నవి. 2003వ సంవత్సరమున వెలువడిన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రమును చూచిన బిడ్డలు, అందలి నారింజవన్నె చేపయు నీలిచేపయు నొక్క తొట్టెలోనే కావలెనని తల్లులను వేధించుట కలదు. ఎవ్వరి ముచ్చటచే దెచ్చినను, వేళకు మేతవేసి నీరుమార్చు పని తుదకు ఇల్లాలి పాలబడుచుండును. కావున ఏది యేదానితో పొసగునో ముందుగా నెఱుగుట మనకే మేలు.

పెద్దచేప చిన్నచేపను మ్రింగుటనుబట్టియే మన పూర్వులు అరాజకమునకు మత్స్యన్యాయమని పేరిడిరి. సముద్రమున చిన్నదానికి పాఱిపోవ చోటున్నది; నాలుగు అద్దముల నడుమ లేదు. అచ్చట ధర్మము నిలుపవలసిన రాజు చేపల నెన్నుకొనువారే. ప్రతి ప్రాణిని గుఱించియు మూడు ప్రశ్నలడుగవలెను: పెరిగిన పిమ్మట నిది యెంతయగును? ఏమి తినును? తన చోటునకై పోరాడునా?

అంగడిలో అగ్గిపెట్టెయంత గానవచ్చు నీలిచేపను టాంగు అందురు. అది పెరిగి 30 సెంటీమీటరుల వఱకు నగును. దినమంతయు దూరముగా నీదు స్వభావము గలది. 200 లీటరుల తొట్టె దానికి చెఱసాల. బిడ్డలెంత కోరినను దీనిని వలదనుటయే దయ.

ఇక మేత. లయన్ చేప తన నోట బట్టు చేపనెల్ల మ్రింగును. ట్రిగ్గరు చేపలు గట్టిపండ్లతో నత్తలను, పీతలను నలుగగొట్టును. సీతాకోకచేపలలో పెక్కు పగడపు జీవులనే కొఱికి తినును. మాండరిన్ చేప యందఱితోను సాధువే గాని, ఱాళ్లపై నుండు మిక్కిలి చిన్న జీవులను తప్ప వేఱొండు మేతను తఱచుగా ముట్టదు. క్రొత్త తొట్టెలో నది ఎవ్వరితోను కలహింపకయే యాకలితో కృశించి చచ్చును. పొందికయనగా కలహము లేకుండుట మాత్రమే కాదు, ప్రతిదానికిని కడుపు నిండుటయు నని యిందువలన తెలియవలెను.

మూడవది స్వభావము. నీలి డామ్సెల్ చేప చౌకయు, చూడ జక్కనిదియు, మొండి ప్రాణము గలదియు నగుటచే దానినే మొదట కొందురు. అది తొట్టెయంతయు తనదే యని తలచి, పిదప వచ్చినవానిని తఱుముచుండును. కావున సాధువులను ముందుగను, కోపిష్ఠులను చివరను ప్రవేశపెట్టవలెను. పెత్తనపు బుద్ధి గలవారు ముందుగా నిల్లు జొచ్చిన వచ్చు చిక్కు మనకు తెలియనిది కాదు.

క్లౌన్ చేపల సంసారము విన సొంపైనది. ఇవి యన్నియు మొదట మగవిగానే పెరుగును. జంటలో పెద్దది ఆడుదగును, పెత్తనమంతయు దానిదే. అది చనిపోయిన యెడల మగడే యాడుదిగా మాఱును! కావున ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా రెండు పిల్లలను దెచ్చిన జంట కుదురుట సులభము. అనీమోను లేనిదే యివి బ్రదుకవనుట నిజముకాదు. అనీమోను తావు మార్చుచు దిరిగి పొరుగుచేపలను కుట్టి పట్టును; నీటియంత్రమున జిక్కి నలిగెనా, తొట్టెనెల్ల చెఱచును.

గోబీ చేపకును, చిటికరొయ్యకును గల మైత్రి యింకను ముచ్చటైనది. రొయ్యకు చూపు మందము, త్రవ్వు నేర్పు మెండు. గోబీకి చూపు చుఱుకు, త్రవ్వుట రాదు. రొయ్య బొరియ త్రవ్వుచు తన మీసమును చేపమీద నానించి యుండును. అపాయము తోచిన చేప తోకను కదల్చును. రెండును లోనికి దూరును.

వెన్నెముక లేని ప్రాణులు మిక్కిలి సుకుమారములు. చేపల రోగమునకు వాడు రాగి మందు రొయ్యలను, నత్తలను చంపును. కాన రోగికి వేఱుతొట్టె యుండవలెను. రొయ్యలను దెచ్చినప్పుడు తొట్టెనీటిని బొట్టుబొట్టుగా గంటకు పైగా కలిపి అలవాటు చేయవలెను. గుల్లలో కాపురముండు పీత, తన గుల్ల చాలనప్పుడు నత్తను చంపి దాని గుల్లను గైకొనుట కలదు. నాలుగు వట్టి గుల్లలు వేసియుంచిన ఆ హత్య చాలవఱకు తప్పును.

నీటిమాట క్లుప్తముగా జెప్పెదము. నల్లానీటిలోని క్లోరిను వీనికి విషము. వడపోసి శుద్ధిచేసిన నీట లీటరునకు సుమారు 35 గ్రాముల సముద్రలవణము కలుపవలెను. ఆవిరియైన నీటికి బదులుగా మంచినీరే పోయవలెను, ఉప్పు ఆవిరికాదు గదా! ఉప్పునీరు నింపిన పిదప, మలినమును హరించు సూక్ష్మజీవులు వృద్ధియగుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. అంతవఱకు చేపలను దేరాదు.

దిబ్బలుకట్టు పగడములను, సముద్రపు గుఱ్ఱములను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో 2001వ సంవత్సరమున చేర్చిరి. సముద్రమునుండి తీసిన వానిని కొనుట నేరము. దిబ్బనుండి యొక కొమ్మ విఱిచిన దానినంటియున్న ప్రాణులకెల్ల నీడ తొలగును. ఱాళ్లతోనే యిల్లు కట్టి చేపలకు నీడ కల్పింపవచ్చును. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్టెలలోనే పిల్లలు పెట్టించినది. లక్షద్వీపములలోని అగత్తి దీవిలో స్త్రీలు అలంకారపు రొయ్యలను పెంచుట నేర్చిరి. కాన కొనునప్పుడు ‘ఇది పెంపుడుదా, పట్టితెచ్చినదా?’ యని తప్పక యడుగుడు.

200 లీటరుల తొట్టెకు మా సలహా: క్లౌన్ జంట యొకటి, గోబీయు దాని రొయ్యయు, చేపలమేని పురుగులనేఱు శుభ్రపు రొయ్యలు రెండు, నత్తలు కొన్ని. ఇంతకు మించవలదు. క్లౌన్ చేప పదియేండ్లకు మించియు జీవింపగలదు. నేడు తెచ్చిన ప్రాణిని బిడ్డ బడి ముగించువఱకు సాకవలసియుండును. వేసవి యెండలలో తొట్టెనీటిని చల్లగా నుంచు విధమును వచ్చు సంచికలో వ్రాయుదుము.