ఇరవై... వేలు!

టన్ను "ఇరవై... వేలు" అన్నాడు నున్న మార్కెట్ నుంచి కమీషన్ వ్యాపారి. మధ్యలో ఓ అంకె ఉంది. అది రెండో నాలుగో నూజివీడు దగ్గర తోటలో కూర్చున్న మా బావకీ తెలియలేదు, పక్కనున్న నాకూ తెలియలేదు. "ఏమన్నారండీ?" అని మూడుసార్లు అరిచాడు. ట్రేలలో సర్దిన బంగినపల్లి కాయలకి తొడిమ దగ్గర సొన ఇంకా ఆరలేదు. మూడోసారికి లైనే పోయింది.

ఆ వ్యాపారి ఈమధ్యే కొట్లో నెట్ ఫోన్లు పెట్టించాడు. ఆరు లైన్లు, ఒకటే కనెక్షన్. ఏ కంపెనీదో రాయను గానీ "వంద ఎంబీపీఎస్ అండీ" అని మురిసిపోతున్నాడు. లెక్క చూద్దాం. ఒక కాల్‌లో మాటకి సెకనుకి 64 కిలోబిట్లు. చిరునామాలూ అవీ కలిపి 80 పైచిలుకు. ఆరు కాల్సూ ఒకేసారి నడిచినా అర మెగాబిట్టే. మరి వందలో అర ఎందుకు చాల్లేదు? ఆ వంద కిందికి దిగే వేగం. వ్యాపారి మాట మనకి రావాలంటే పైకి ఎక్కాలి. డౌన్‌లోడ్ వేగాన్ని గోడంత అక్షరాలతో రాస్తారు, అప్‌లోడ్ ఊసెత్తరు. సరిగ్గా అప్పుడే గుమాస్తా కాయల గుట్టని వీడియో తీసి ఢిల్లీ సేఠుకి పంపుతున్నాడట. సెకనుకి 50 ముక్కలుగా వెళ్లాల్సిన మాట, పెళ్లి ఊరేగింపు వెనక ఇరుక్కున్న అంబులెన్సులా ఆగిపోయింది. మాటకి ముందు దారివ్వమని రూటర్‌కి చెప్పొచ్చు. బిగించినవాడు చెప్పలేదు.

వాడు చెప్పింది మరొకటి: "సగటున రోజుకి నలభై కాల్సే కదండీ." ఈ సగటు మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊపిరాడని ఊళ్లో ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి ట్రేలు కొనే రైతుని ఒక్కణ్ణి చూపించండి! కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లోనే ఈ లెక్క తేల్చాడు. రద్దీ గంటలో సగటున పది మంది మాట్లాడుతుంటే, నూటికి ఒక్క కాల్ మాత్రమే తప్పాలంటే 18 లైన్లు కావాలి. పదికి పది పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. వందేళ్లు దాటినా మనవాళ్లు సగటు దగ్గరే ఉన్నారు. వానకీ సగటే, కరెంటుకీ సగటే.

కరెంటంటే గుర్తొచ్చింది. పాత ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టులు రాగి తీగలోనే వచ్చేవి. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు మే నెలలో గాలిదుమారం లేచి కరెంటు పోగానే గోడమీది పెట్టెలో దీపాలు ఆరిపోతాయి, దాంతోపాటు ఫోనూ. కాయ రాలేదీ ఆ పూటే, రైతు ఫోన్ చేయాల్సిందీ ఆ పూటే. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ఫైబర్‌నెట్ మొదలై, 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ అన్నప్పుడు సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పెట్టెకి బ్యాటరీ ఎవరు పెడతారని నేనైనా అడగలేదు.

మా బావ ఇక ఆగలేక ట్రేలతోపాటు తనూ బండెక్కి నున్న వెళ్లాడు. ఇరవై రెండట.

— తోటమాలి