అరవై దాటినవారందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష అవసరమా?

అరవై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్‌లతో పాటు జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేయాలన్న వాదన వినగానే సబబుగానే తోస్తుంది. దేశంలో ఆ వయసు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో బతుకుతున్నారని 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా కట్టింది. దానికి ముందు మెట్టుగా డాక్టర్లు చెప్పే స్థితి మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, క్లుప్తంగా ఎంసీఐ. మనిషి తన పనులు తాను చేసుకుంటూనే ఉంటాడు, కానీ మతిమరుపో లెక్క తడబాటో ఆ వయసుకు మామూలనుకునే దానికన్నా ఎక్కువగా ఉంటుంది. ఆ దశలోనే పట్టుకుంటే మేలే కదా అనిపించడం సహజం. కానీ ఇప్పటివరకు ఉన్న ఆధారాలు చూస్తే, ఏ ఇబ్బందీ కనిపించని పెద్దలందరినీ వరుసగా కూర్చోబెట్టి మార్కులు వేయడం సరైన దారి కాదు. అందరినీ అడగాలి, అనుమానం ఉన్నవారిని పరీక్షించాలి, పరీక్షించినవారిని చివరిదాకా చూసుకోవాలి.

ఎంసీఐ ఒక అంకెతో తేలిపోయే జబ్బు కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో పలు అధ్యయనాలను క్రోడీకరించి చెప్పినదాని ప్రకారం 60-64 ఏళ్లవారిలో ఇది 6.7 శాతం, 80-84 ఏళ్లవారిలో 25.2 శాతం. 65 దాటి ఎంసీఐ ఉన్నవారిలో రెండేళ్లలో డిమెన్షియా వచ్చింది దాదాపు 15 శాతం మందికే. తిరిగి మామూలు స్థితికి వచ్చినవారు ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా 14 నుంచి 56 శాతం దాకా ఉన్నారు. ఇక లెక్క వేసి చూద్దాం. వెయ్యి మందిలో 150 మందికి ఎంసీఐ ఉందనీ, లోపం ఉన్నవారినైనా లేనివారినైనా వందకు 80 మందిని సరిగ్గా గుర్తించే పరీక్ష మన చేతిలో ఉందనీ అనుకుందాం. 150లో 120 మంది దొరుకుతారు. మిగతా 850లో 170 మందికి ఏమీ లేకపోయినా ఉన్నట్టు వస్తుంది. అంటే తేలిన 290 మందిలో సగానికి పైగా లేని లోపం నెత్తిన వేసుకున్నవాళ్లే.

ముందుగా తెలియడం వల్ల మేలు జరుగుతుందంటే ఈ పొరపాట్లనూ భరించవచ్చు. ఆ మేలే ఇంకా రుజువు కాలేదు. అమెరికాలో నివారణ సేవలపై సిఫార్సులు చేసే టాస్క్‌ఫోర్స్ 2020లో, లాభనష్టాలు తేల్చడానికి ఆధారాలు చాలవంది. కెనడా టాస్క్‌ఫోర్స్ అయితే లక్షణాలు లేనివారికి వద్దనే చెప్పింది. ఇండియానాలో సుమారు నాలుగు వేల మందితో జరిగిన ట్రయల్‌లో, పరీక్ష చేసినవారికీ చేయనివారికీ ఏడాది తర్వాత జీవన నాణ్యతలో తేడా కనిపించలేదు. దిగులు, ఆందోళన పెరగలేదనీ ఆ ట్రయలే చెప్పింది. కాబట్టి పరీక్ష చేస్తే పెద్దలు కుంగిపోతారని భయపెట్టడం న్యాయం కాదు. అయితే లోపం ఉండొచ్చని తేలినవారిలో ఎక్కువమంది ఆ తర్వాతి పరీక్షలకు వెళ్లనేలేదు. మార్కుల కాగితం దగ్గరే ఆగిపోతే ఒరిగేదేముంది?

ఆ కాగితం కూడా అందరికీ ఒకేలా న్యాయం చేయదు. చాలా దేశాల్లో వాడే మోకా పరీక్షలో ఘనం బొమ్మ చూసి గీయాలి, పదకొండు గంటల పది నిమిషాలు చూపే గడియారం వేయాలి, వంద నుంచి ఏడేసి తీసేస్తూ పోవాలి. 30కి 26 కన్నా తగ్గితే అనుమానం. చదువు తక్కువైనవారికి కలిపేది ఒక్క మార్కు. పెన్సిలే పట్టని అవ్వ గడియారం గీయలేకపోతే తప్పు ఆమె మెదడుదో, ఆమెకు అందని బడిదో ఆ కాగితం చెప్పలేదు. అలాగని వదిలేయడమూ కుదరదు, మహిళల్లో, పల్లెల్లోనే డిమెన్షియా ఎక్కువని లాసీ-డాడ్ చెబుతోంది. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో తగిన పరీక్షలు రూపొందించింది. అవి శిక్షణ ఉన్నవారు తీరిగ్గా చేయాల్సినవి, శిబిరంలో హడావుడిగా ముగించేవి కావు.

పరీక్ష పెట్టకపోతే ఎవరూ రారు, వయసు మీద పడిందిలే అని ఇంట్లోవాళ్లే సరిపెట్టుకుంటారు అన్నది బలమైన అభ్యంతరం. నిజమే, అందుకే అడగాలంటున్నాను. ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారంలో అరవై దాటినవారికి ఒక ప్రశ్న ఉంది: అయినవాళ్ల పేర్లు, సొంత ఇంటి చిరునామా మర్చిపోతున్నారా అని. అంతదాకా వచ్చేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. మాత్రలు వేసుకున్నదీ లేనిదీ గుర్తుంటోందా, పింఛను డబ్బు లెక్కలో తడబడుతున్నారా, కిందటేడాదికీ ఇప్పటికీ మార్పు ఉందా అని ఇంట్లోవాళ్లను అడిగితే తొలిదశ బయటపడే అవకాశం ఉంది.

అవునని చెప్పినవారికి ముందు చూడాల్సినవి బీ12, థైరాయిడ్, వినికిడి, చూపు, దిగులు, వాడుతున్న మందులు. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 తగ్గవచ్చు. చీటీ లేకుండా కొనే నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు మతిని మందగింపజేస్తాయి. వీటిలో చాలావాటిని సరిదిద్దవచ్చు. కొత్త మందులు వచ్చాయి కదా అంటారు. లెకానెమాబ్ లాంటివి జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయంతే. వాటికి ముందు మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందని నిర్ధారించాలి, వాడేటప్పుడు మెదడులో వాపు, రక్తస్రావం వస్తున్నాయేమో ఎంఆర్ఐలతో కనిపెట్టి ఉండాలి. ఊరందరికీ పరీక్ష పెట్టడానికి అవి కారణం కాలేవు. వీలునామా, బ్యాంకు వ్యవహారాలు ముందే చక్కబెట్టుకోవచ్చన్న మాట మాత్రం విలువైనదే. ఆ అవసరం ఉన్నది మార్పు కనిపిస్తున్న కుటుంబాలకు, వారికి పరీక్ష అందకపోవడమే అసలు అన్యాయం.

కాబట్టి మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టం. ఆశా ఫారంలో ప్రశ్నలు మార్చాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీ12, థైరాయిడ్, వినికిడి పరీక్షలు దొరకాలి. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా తెలుగులో పరీక్షించే శిక్షణ ఉన్నవారు కూర్చోవాలి. శిబిరాలకు పెట్టాలనుకునే డబ్బును ముందు వీటికి కేటాయించాలి.