నూడిల్స్ కొట్టూ, ఖాళీ పైవాటా

మా ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక లాండ్రీకీ పళ్ళ డాక్టరుకీ మధ్య ఇరుక్కుని ఓ తైవాన్ నూడిల్స్ కొట్టుంది. హోటలు అనడానికి నోరు రాదు, కొట్టే. మొత్తం ఎనిమిది బల్లలు. ఆయన వంట చేస్తాడు. వడ్డించడం, బల్లలు తుడవడం, గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం అన్నీ ఆవిడే. నేనుండేది కూపర్టినోలో. తైవాన్‌లోని హ్సిన్‌చూ మా ఊరికి 'సోదర నగరం'. 1980లో సైన్స్ పార్కు పెట్టింది ఆ ఊళ్ళోనే, టీఎస్ఎంసీ వాళ్ళ ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఆ ఊళ్ళోనే. అక్కణ్ణుంచి ఇక్కడికీ, ఇక్కణ్ణుంచి అక్కడికీ ఇంజినీర్లు తిరుగుతూనే ఉంటారు కాబట్టి ఇలాంటి కొట్లు మా దగ్గర ఉండటంలో వింతేమీ లేదు. వింతల్లా నేను పదకొండేళ్ళుగా శనివారం శనివారం అక్కడికి వెళ్ళడమే. ఎందుకంటే ఆ కొట్టు పేరు తెచ్చుకున్నది బీఫ్ నూడిల్ సూపుతో. నేను గొడ్డు మాంసం తినను.

తినకపోవడం నా గొప్పా కాదు, తినడం ఎవరి తప్పూ కాదు. మా ఇంట్లో అలవాటు లేదు, అంతే. మొదటిసారి నన్నక్కడికి లాక్కెళ్ళింది ఆఫీసులో నా పక్క సీటు తైవాన్ అమ్మాయి. గుమ్మంలో నిలబడి నేను నసుగుతూ సంగతి చెప్తే, "దానికేముంది, మా నాయనమ్మ కూడా తినదు" అనేసింది. తైవాన్‌లో వ్యవసాయం చేసుకునే పాతకాలపు కుటుంబాల్లో చాలామందికి ఈ పట్టింపు ఉందట. మన పొలం దున్నిన పశువుని మనమెట్లా తింటాం అని. మరి అలాంటి చోట బీఫ్ నూడిల్ సూపు జాతీయ వంటకం స్థాయికి ఎలా వెళ్ళింది? ఆ కథ చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను గానీ, ముందు ఆర్డరు ఇద్దాం.

బల్ల మీద ఓ కాగితం, ఓ పొట్టి పెన్సిలు ఉంటాయి. కాగితం మీద పన్నెండు రకాలే. నూడిల్స్ సన్నవా, వెడల్పువా? సూపు ఎర్రదా, తెల్లదా? టిక్కు పెట్టి ఇచ్చేస్తే మన పని అయిపోయింది. గాజు అలమరలో చిన్న చిన్న ప్లేట్లు ఉంటాయి. వెల్లుల్లి వేసిన దోసకాయ ముక్కలు, సోయా సాసులో ఊరిన కోడిగుడ్లు, టోఫు, సముద్రపు నాచు, ఉడికించిన వేరుశెనగపప్పులు. కావలసింది మనమే తెచ్చుకోవాలి. నేను తినేది నువ్వుల నూడిల్స్. వేయించి నూరిన నువ్వుల ముద్దలో సోయా సాసు, కాస్త వెనిగర్, వెల్లుల్లి కలిపి వేడి వేడి నూడిల్స్ మీద వేస్తారు. దాని మీదికి బల్ల మీదున్న ఆవాకుల ఊరగాయ నేనే వేసుకుంటాను. ఆ నూడిల్స్ పంటి కింద సాగినట్టే సాగి టప్పున తెగాలి. ఆ గుణానికి తైవాన్ వాళ్ళు 'క్యూ' అని పేరు పెట్టుకున్నారు. అవును, ఇంగ్లీషు అక్షరం క్యూనే.

రెండొందల ఐటెముల మెనూ చేతిలో పెట్టి, సగానికి పైగా ఒకే గ్రేవీతో నడిపించే మన హోటళ్ళు చూసి చూసి ఉన్న ప్రాణానికి ఈ పన్నెండు టిక్కుల కాగితం ఎంత హాయో చెప్పలేను.

ఇక అసలు సంగతి. గత వేసవిలో నాన్న వచ్చాడు. అమ్మ పోయాక ఒక్కడే రావడం ఇదే మొదలు. మాది ఒంగోలు. ఒంగోలు గిత్తల గడ్డ మీద పుట్టిన పెద్దమనిషిని బీఫ్ నూడిల్స్ కొట్టుకి తీసుకెళ్ళడం ఎంత తెలివైన పనో నాకూ తెలుసు. అయినా వారం రోజులుగా ఇంట్లో పప్పుచారు తిని బోరు కొట్టి, "నువ్వు ప్రతి శనివారం పోయే కొట్టేందో చూపించరా" అని ఆయనే అడిగాడు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాం. జనం లేరు. నాన్న నూడిల్స్ అనుమానంగా కెలికి, ఒక ముద్ద తిని, "నువ్వుల పచ్చడేగా ఇది" అని తేల్చేశాడు. ఆవాకుల ఊరగాయ మాత్రం రెండుసార్లు వేసుకున్నాడు.

తీరిగ్గా ఉన్నాడేమో, వంటాయన కూడా వచ్చి మా పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. నాన్న ఎవరు కనపడినా ముందు అడిగేది ఒకటే. "మీదే ఊరు?" నేను ఇంగ్లీషులోకి మార్చి అడిగాను. ఆయన నవ్వి, "ఏ ఊరని చెప్పను?" అన్నాడు. ఇక్కడికొచ్చి ముప్ఫై ఐదేళ్ళు. పుట్టింది తైవాన్‌లో కావ్‌షుంగ్ దగ్గర. వాళ్ళ నాన్నది మాత్రం చైనాలోని షాన్‌డాంగ్. 1949లో సిపాయిగా ఓడెక్కి తైవాన్‌లో దిగాడట.

ఆ ఓడల సంగతి కొంచెం చెప్పాలి. అంతర్యుద్ధంలో ఓడిపోయిన చియాంగ్ కై-షేక్ ప్రభుత్వం 1949లో తైవాన్‌కి తరలిపోయింది. దాంతోపాటు సైనికులు, ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు కలిపి పది లక్షల మందికి పైగా ఆ చిన్న దీవికి చేరారు. ఒక్కొక్కరిదీ ఒక్కో రాష్ట్రం, ఒక్కో యాస, ఒక్కో తిండి. వాళ్ళకిచ్చిన ఇరుకు వాడల్లో సిచువాన్ వాడి పొయ్యి పక్కనే షాన్‌డాంగ్ వాడి పొయ్యి. కావ్‌షుంగ్ దగ్గర గాంగ్‌షాన్‌లో వైమానిక దళం వాళ్ళుండేవాళ్ళు. అక్కడి సిచువాన్ వాళ్ళు తమ ఊరి తరహాలో చిక్కుడు గింజలూ మిరపకాయలూ ఊరబెట్టి కారం ముద్ద చేసుకునేవాళ్ళు. ఎర్ర బీఫ్ నూడిల్ సూపు ఆ ముద్దతో అక్కడే పుట్టి ఉంటుందని లూ యావ్‌డాంగ్ అనే చరిత్రకారుడి ఊహ. ఊహేననుకోండి. కానీ ఒకటి మాత్రం ఖాయం. బోర్డుల మీద 'సిచువాన్ రుచి' అని రాసుకునే ఈ సూపు తైవాన్‌లో తయారైనదే. ఉద్యోగం వదిలేసిన సిపాయిలు పొట్టకూటి కోసం రోడ్డు పక్కన దీన్ని అమ్మడం మొదలుపెట్టారు. 2005 నుంచి తైపేలో దీనికి ఏకంగా పండగే చేస్తున్నారు.

మరి అన్నం తినే దీవిలో అంత గోధుమపిండి ఎక్కణ్ణుంచి వచ్చింది? అమెరికా నుంచి. 1951 నుంచి 1965 దాకా అమెరికా సాయంలో గోధుమలు, పిండి వచ్చిపడ్డాయి. ఈ ముక్క దగ్గర వంటాయన పడీ పడీ నవ్వాడు. ఖాళీ పిండి సంచులతో వాళ్ళమ్మ ఆయనకి చెడ్డీలు కుట్టేదట. సంచి మీద రెండు చేతులు కలుపుకుంటున్న బొమ్మ ఉండేది కదా, అది సరిగ్గా వెనకవైపు వచ్చేదట. నేను తెలుగులో చెప్పగానే నాన్న లేచి నిలబడినంత పనిచేశాడు. "ఒరేయ్, ఆ చేతుల బొమ్మ మా బళ్ళో నూనె డబ్బాల మీద ఉండేదిరా! ఆ నూనెతోనే గోధుమ నూక ఉప్మా చేసి పెట్టేవాళ్ళు." అదీ అమెరికా సాయమే. 1954లో వచ్చిన పి.ఎల్.480 చట్టం కింద మనకీ, వాళ్ళకీ కూడా గోధుమలు వచ్చాయి. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ముసలాళ్ళు బల్ల మీద చేయీ చేయీ కలిపి ఆ బొమ్మ ఎలా ఉండేదో ఒకరికొకరు చూపించుకున్నారు.

నాన్న ఆగుతాడా! "మరి మీ నాన్న మళ్ళీ వాళ్ళ ఊరు వెళ్ళాడా?" అన్నాడు.

వెళ్ళాడట, 1988లో. అప్పటి తైవాన్ ప్రభుత్వం మొదట్లో జనానికి ఒక ప్లాను చెప్పింది. ఏడాదిలో తయారీ, రెండేళ్ళకి ఎదురుదాడి, మూడేళ్ళకి ఏరివేత, ఐదేళ్ళకి విజయం. అంటే ఐదేళ్ళలో ఇంటికి! మన ప్రాజెక్టు ప్లాన్లు కూడా ఇంతకంటే నయం. చుట్టాల్ని చూడటానికి చైనా వెళ్ళొచ్చని తైవాన్ అనుమతిచ్చింది 1987 నవంబరులో. అంటే ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత. ఈయన తండ్రి వెళ్ళేసరికి తల్లి పోయి చాలా ఏళ్ళయింది. తమ్ముడు ఎదురొచ్చి, ఇంటికి తీసుకెళ్ళి, నూడిల్స్ చేసిపెట్టాడు. ఆయన తిని, తైవాన్ తిరిగొచ్చాక కొడుకుతో అన్నాడట: "అన్నేళ్ళు తలుచుకున్న నూడిల్స్ అవే. తింటుంటే మాత్రం మన వీధి చివర కొట్టే గుర్తొచ్చింది."

నాన్న ఇంకేమీ అడగలేదు. బిల్లు నేను కట్టాను. కార్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ అన్నాడు. "అబ్బాయ్, రెండేళ్ళలో వచ్చేస్తానని ఇంక నాకు చెప్పమాక."

నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు. "కోపంగా అనట్లేదురా. నువ్వొస్తావనే కదా పైవాటా కట్టించింది. పదమూడేళ్ళయింది. ఒక్కళ్ళకి కూడా అద్దెకివ్వలేదు. మీ అమ్మ ప్రతి నెలా పైకెళ్ళి ఊడ్చొచ్చేది. రానంటే రానని చెప్పు, ఎవరికన్నా ఇచ్చుకుంటా. రాత్రిపూట పైన మనుషుల అలికిడన్నా ఉంటది."

ఎక్స్ ప్లస్ వన్ గురించి మనందరికీ తెలుసు. ఇంకో ఏడాది ఆగి వెళ్ళిపోదాం అనుకుంటూ ఉంటే, ఏడాది తర్వాత కూడా ఆ 'ఇంకో ఏడాది' అలాగే ఉంటుంది. దాని మీద మనమే జోకులు వేసుకుంటాం, పాట్‌లక్కుల్లో నవ్వుకుంటాం. దాని బిల్లు ఎవరు కడుతున్నారన్నది మాత్రం నేను ఆ రోజు దాకా ఆలోచించలేదు. నేను కట్టలేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి ఎవరూ ఉండని గదులు ఊడ్చిన అమ్మ కట్టింది.

ప్రొడక్షన్‌లో తాత్కాలికం అని పెట్టిన ప్యాచ్ పదేళ్ళయినా అక్కడే ఉంటుంది. దాన్ని ఎవరూ సరిగా రాయరు, ఎందుకంటే అది తాత్కాలికం. ఎవరూ తీసెయ్యరు, ఎందుకంటే అది పనిచేస్తోంది. నా బతుకు అచ్చంగా అదే. వెళ్ళిపోతాం కదా అని పక్కింటి వాళ్ళతో పరిచయం పెంచుకోలేదు. వెళ్ళిపోతాం కదా అని పెరట్లో మొక్క నాటలేదు. పదకొండేళ్ళు ఆ కొట్టులో తిన్నాను, ఆయనది ఏ ఊరని ఒక్కసారి అడగలేదు. నాన్న పది నిమిషాల్లో అడిగాడు!

అందరూ ఇక్కడే ఉండిపోండి అని నేను చెప్పడం లేదు. అందరూ వెళ్ళిపోండి అని అంతకన్నా చెప్పడం లేదు. వెళ్ళేవాళ్ళు తేదీ పెట్టుకుని వెళ్తారు. అలా వెళ్ళి హాయిగా ఉన్న స్నేహితులు నాకున్నారు. ఇక గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళ సంగతి వేరే. దేశానికి 7 శాతం అనే పరిమితి వల్ల వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. వాళ్ళు 'నాకు తెలియదు' అని చెప్పొచ్చు, అది నిజం కాబట్టి. నా గొడవల్లా నాలాంటి వాళ్ళతోనే. కాగితాలు అన్నీ చేతికొచ్చాయి, ఇల్లు కొన్నాం, పిల్లలు హైస్కూలుకొచ్చారు, అయినా ఫోన్లో మాత్రం 'రెండేళ్ళలో' అంటాం. ఎందుకంటే 'రాను' అనే మాట అనడానికి ధైర్యం లేదు. దానికి మనం ప్రేమ అని పేరు పెట్టుకున్నాం.

ఆ సిపాయిలకి దారి మూసేశారు. మధ్యలో సముద్రం, తుపాకులు, ముప్ఫై ఎనిమిదేళ్ళ నిషేధం. వాళ్ళు వెళ్ళలేకపోయారు. మనకి రోజూ విమానాలున్నాయి. కాబట్టి వాళ్ళ బాధ అరువు తెచ్చుకుని 'ప్రవాసం' అంటూ నిట్టూర్చే హక్కు మనకి లేదు. వాళ్ళ దగ్గర తీసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఊరు దూరమైపోయాక వాళ్ళు పొయ్యి వెలిగించుకున్నారు. దొరికిన పిండి, పక్కవాడి కారం, ఆ దీవి వాళ్ళు తినని మాంసం కూడా వేసి వండుకున్నారు. అసలు రుచి రాలేదని వంట మానెయ్యలేదు. ఆ వంటే ఇప్పుడు ఆ దేశం పేరు చెప్పగానే గుర్తొస్తోంది.

నేను ఆ వారమంతా తేల్చుకోలేకపోయాను. నాన్న వెళ్ళే ముందు రోజు చెప్పాను. "నాన్నా, నేను రాను. ఏడాదికోసారి వచ్చి నెల ఉంటాను. నువ్వు వస్తానంటే ఎప్పుడైనా టిక్కెట్టు తీస్తాను." ఆయన తలూపి, "సరే. మాట తేలింది" అన్నాడు. ఇంతే. నేను పదమూడేళ్ళు భయపడిన సంభాషణ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది వేరే విషయం.

పైవాటాలోకి దసరాకి ఎవరో బ్యాంకు ఉద్యోగి కుటుంబం దిగింది. వాళ్ళ చంటిది రోజూ మెట్లు దిగొచ్చి టీవీ రిమోటు లాక్కుంటోందని నాన్న కంప్లయింటు, వారానికి మూడుసార్లు.

పోయిన శనివారం కొట్టుకి వెళ్తే ఆవిడ కాగితం ఇస్తూ మీ నాన్న బాగున్నాడా అని అడిగింది. ఆయనకి అక్కడ నుంచే ఫోను కలిపాను. ఏం తింటున్నావు అంటే నూడిల్స్ అన్నాడు! సూపర్‌మార్కెట్లో గోధుమ నూడిల్స్ ప్యాకెట్టు దొరికిందట. ఉడకబెట్టి, నువ్వుల పొడి కలిపి, ఆవాకులు ఎక్కడ తెచ్చేది అని గోంగూర పచ్చడి వేసుకున్నాడట.

"ఎట్లా ఉంది నాన్నా?"

"ఆ కొట్టాయనకి చెప్పు, గోంగూరే బాగుందని."

చెప్పాను. గోంగూర అంటే ఏంటో చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది. వచ్చే శనివారం ఒక సీసాడు పట్టుకెళ్ళాలి.