గంట ప్రయాణం ఎవరి లెక్క?

విజయవాడ నుంచి విశాఖకు విమానంలో గంట. మంత్రులు చెప్పేదీ ఇదే, ప్రకటనల్లో వేసేదీ ఇదే. గన్నవరం నుంచి విశాఖకు తిన్నగా గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. రోడ్డు మీద 350. ఐదారు గంటలు మిగులుతాయని మనకు చెబుతున్నారు. ఆ లెక్క మనమూ ఒకసారి వేసి చూద్దాం. గట్టు జానెడు జరిగితే పట్టుకునేవాళ్లం, కొలతలు రానివాళ్లమేం కాదు.

బెంజి సర్కిల్ నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు, ముప్పావు గంట. విమానానికి గంటన్నర ముందే అక్కడుండాలి. గాల్లో గంట. దిగి పెట్టె తీసుకుని బయటపడేసరికి అరగంట. ఇన్నాళ్లూ విశాఖలో దిగింది నౌకాదళం స్థలంలో, నగరంలోనే. విమానాలు భోగాపురానికి మారితే అక్కణ్ణుంచి నగరం 45 కిలోమీటర్లు, ఇంకో గంట పైమాటే. అన్నీ కూడితే ఐదు గంటలకు దగ్గర. వందే భారత్ రైలుకు పట్టేది నాలుగు గంటల పైచిలుకు. స్టేషనుకు ముందుగా చేరే అరగంట కలుపుకున్నా ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి ఇల్లు చేరతారు. ఈ మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

మరి ఆ గంట కోసం పోయిన భూమి సంగతి? గన్నవరం విస్తరణకు బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతుల దగ్గర సుమారు 700 ఎకరాలు సమీకరణ పేరుతో తీసుకున్నారు. బదులుగా అమరావతిలో ప్లాటు అన్నారు. ప్లాటులో నారు పోయగలమా?

భోగాపురం కథ ఇంకా వింత. మొదట వినిపించిన మాట 15 వేల ఎకరాలు. జీడి, కొబ్బరి, సరుగుడు తోటల రైతులు రోడ్డెక్కారు. చివరికి 2,200 ఎకరాల దగ్గర ఆగింది. 15 వేల ఎకరాలు కావాల్సిన విమానం ఇప్పుడు 2,200 ఎకరాల్లో ఎలా దిగుతుందయ్యా? మిగతా 12,800 ఎకరాలు ఎవరి కోసం అడిగినట్టు? దీనికి ఇంతవరకూ జవాబు చెప్పిన పాలకుడు లేడు. శంకుస్థాపనలు మాత్రం రెండు చేశారు, 2019లో ఒక ప్రభుత్వం, 2023లో ఇంకొకటి. రైతు భూమి దగ్గరికొచ్చేసరికి ఇద్దరిదీ ఒకే పలుగు.

2013 భూసేకరణ చట్టం ముందు సామాజిక ప్రభావం లెక్కకట్టమంది. ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కూలీనీ, కౌలుదారునూ బాధితుడిగా చూడమంది. మన రాష్ట్రం 2018లో సవరణ తెచ్చి ఆ ప్రభావ అంచనా నుంచి తప్పించుకునే దారి వేసుకుంది.

విమానాలొద్దని మేం అనడం లేదు. అవసరమున్నవాళ్లు ఎక్కుతారు. కానీ వంకాయ గంపతో తెల్లారుజామున పట్నం పోయే ఆడమనిషికి కావాల్సింది ప్యాసింజరు బండి. కరోనా తర్వాత ఆ బండ్లకే ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి పది రూపాయల టిక్కెట్టు ముప్పై చేశారు. తగ్గించడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. చిన్న స్టేషన్లలో ఎత్తేసిన హాల్టుల్లో చాలా ఇంకా రాలేదు. ఆమె పోగొట్టుకున్న గంటలను ఎవరు లెక్కేశారు?

భూమి అడగడానికి వచ్చే అధికారి గడప నుంచి గడపకు పట్టే సమయం, కావాల్సిన ఎకరాలు, పని పోయే కూలీల జాబితా గ్రామసభలో చదివి తీరాలి. అప్పటిదాకా సంతకాలు వద్దు. గ్రామ కమిటీలు ఈ నెలాఖరులోగా తమ దగ్గర హాల్టు పోయిన స్టేషను పేరు, ఆగాల్సిన బండి, ఎక్కేవాళ్ల సంఖ్య రాసి జిల్లా ఆఫీసుకు పంపాలి. రైల్వే అధికారులకు ఇచ్చే వినతిపత్రంలో అన్నీ కలిపి పెడతాం.